ఎంపిక స్వేచ్ఛ ఎవరికి?

"ఇప్పటి పిల్లలు అదృష్టవంతులండీ. మనకు లేని స్వేచ్ఛ వాళ్ళకున్నది. తమకిష్టమైన మేజరు, తమకిష్టమైన మైనరు తామే ఎన్నుకుంటారు. చదవాలనిపించకపోతే ఏడాదికే సర్టిఫికెట్టు పుచ్చుకుని బయటికి వస్తారు. మళ్ళీ బుద్ధి పుడితే వెళ్ళి చేరతారు" అని ఈ మధ్య బందరులో జరిగిన ఒక సభలో మా మిత్రులొకరు ఉపన్యసించారు. ఆయన మంచివారు. తాను అభ్యుదయవాదినని ఆయన అనుకుంటారు, మేమూ అనుకుంటాము. సభలో చప్పట్లు పడ్డాయి. నేను కొట్టలేదు. లేచి చెప్పవలసిన మాటలు ఆనాడు గొంతులోనే ఉండిపోయాయి. ఎందుకు ఉండిపోయాయో కూడా ఈ వ్యాసంలోనే చెప్పుకుంటాను, ఎందుకంటే అందులో నా తప్పు కూడా ఉన్నది.

ముందు జరిగిందేమిటో చూద్దాం. 2015-16లో మన డిగ్రీ కళాశాలల్లోకి సెమిస్టర్లు, క్రెడిట్లు వచ్చాయి. 2020లో కేంద్రం నూతన విద్యావిధానాన్ని ప్రకటించింది. ఆ విద్యాసంవత్సరం నుంచే ఆంధ్రప్రదేశ్‌లో డిగ్రీ ప్రవేశాలు కళాశాల గుమ్మం దగ్గర కాక, ఉన్నత విద్యామండలి ద్వారా ఆన్‌లైన్‌లో జరగడం మొదలయింది. 2021-22లో డిగ్రీ బోధననంతటినీ ఇంగ్లీషు మాధ్యమంలోకి మార్చారు. 2023-24లో మూడు సబ్జెక్టుల డిగ్రీని పక్కన పెట్టి, ఒకే మేజరు, దానికి తోడు ఒక మైనరు అన్నారు. ఎనిమిదేళ్ళలో ఇన్ని మార్పులు. వీటిలో ప్రతి ఒక్కదాని మంచిచెడ్డల మీదా వేరే వాదించుకోవచ్చు. నా వాదం దాని మీద కాదు. ఇన్ని మార్పుల మధ్య మొదటి సంవత్సరం విద్యార్థి పక్కన కూర్చుని, "అమ్మాయీ, నువ్వు ఏమి కావాలనుకుంటున్నావు? అయితే ఇది తీసుకో, అది తీసుకోకు, తీసుకుంటే రేపు ఈ తలుపు మూసుకుపోతుంది" అని చెప్పే మనిషిని ఎక్కడ పెట్టారన్నదే నా ప్రశ్న.

తలుపు మూసుకుపోవడమంటే ఏమిటో వివరంగా చెప్పాలి. పాత పద్ధతిలో లెక్కలు, భౌతికశాస్త్రం, రసాయనశాస్త్రం చదివి బి.యస్సీ. పూర్తి చేసినవాడికి ఎం.యస్సీ.కి మూడు దారులుండేవి. మూడింటిలో దేంట్లో సీటు వస్తే దాంట్లో చేరేవాడు. పదిహేడేళ్ళ వయసులో తెలిసీ తెలియక చేసిన నిర్ణయం ఇరవై ఏళ్ళ వయసులో సవరించుకోవడానికి వీలుండేది. ఒకే మేజరు వచ్చాక ఆ వీలు చాలావరకు పోయింది. మొదటి సంవత్సరంలో పెట్టిన టిక్కు మూడేళ్ళ తరువాత నెత్తిన కూర్చుంటుంది. అంటే, ఎన్నుకోవడం ఎంత కీలకమయిందో, ఎన్నుకోవడానికి తోడు అంత అవసరమయింది. పాత రోజుల్లో సలహా లేకపోతే కొంత నష్టం. ఇప్పుడు లేకపోతే నష్టం మొత్తంగా.

నాగాయలంక అవతలి ఊరి నుంచి వచ్చిన ఒక అమ్మాయి సంగతి చెబుతాను. తండ్రి పరాయివాళ్ళ పడవ మీద వేటకు వెళతాడు. తల్లి కూలి. ఇంటర్లో ఎం.పి.సి. చదివింది, మంచి మార్కులు. ఆమెకు రసాయనశాస్త్రం చెప్పిన అధ్యాపకురాలంటే ప్రాణం. తానూ అలాగే జూనియర్ కళాశాలలో కెమిస్ట్రీ చెప్పాలని కోరిక. 2023 వేసవిలో అవనిగడ్డలో ఒక నెట్ సెంటరుకు వెళ్ళింది. అక్కడ వరసగా నిలబడ్డ పిల్లలు ఇరవై మంది. కుర్చీలో ఉన్న కుర్రవాడు డబ్బు పుచ్చుకుని ఆప్షన్లు పెడుతున్నాడు. "మేజరు ఏం పెట్టమంటావమ్మా?" అన్నాడు. "ఏది మంచిదన్నా?" అన్నది ఈ పిల్ల. "అందరూ కంప్యూటర్సే పెడుతున్నారు" అన్నాడతను. అదీ ఆమెకు లభించిన విద్యా సలహా. ఆరు మాటలు కూడా లేవు. ఆ కుర్రవాణ్ణి నేను తప్పుపట్టను. తన వెనక వరస ఉన్నది, తన కడుపూ ఉన్నది. పైగా ఆ వేసవిలో ఆమెతో అసలు మాట్లాడిన ఒకే ఒక మనిషి అతనే.

రెండేళ్ళ తరువాత, 2025లో, నేను ఉద్యోగ విరమణ చేయబోతున్న రోజుల్లో ఆమె నా గదికి వచ్చింది. "సార్, నేను ఎం.యస్సీ. కెమిస్ట్రీ చదవొచ్చా?" అని అడిగింది. డిగ్రీలో కెమిస్ట్రీ లేకుండా చదవలేవమ్మా అన్నాను. "మైనరు కూడా మ్యాథ్స్ ఇచ్చారండి" అన్నది. ఇచ్చారు అన్నది గాని, తీసుకున్నాను అనలేదు చూడండి. కళాశాలలో మైనరుకు అధ్యాపకుడు ఏ శాఖలో ఖాళీగా ఉంటే ఆ మైనరు "ఇస్తారు". పైన ప్రకటనలో స్వేచ్ఛ అన్న పదం ఉంటుంది, కింద నోటీసు బోర్డులో సర్దుబాటు అన్న పని జరుగుతుంది. తరువాత ఆమె ఏడవలేదు, కోప్పడలేదు. "మొదటి ఏడాది ఎవరిని అడగాల్సిందండీ ఇది?" అని మాత్రం అడిగింది.

నాకు సమాధానం తెలుసు. మా కళాశాలలో ప్రతి విద్యార్థికీ ఒక మెంటర్ ఉంటాడు. రిజిస్టరు ఉంటుంది. ఆ సాయంత్రం బీరువా తెరిచి చూశాను. ఆ అమ్మాయి పేరు ఎదురుగా మెంటర్ అన్న గడిలో ఉన్నది నా పేరే. "విద్యార్థిని సమస్యలు: ఏమీ లేవు" అన్న దగ్గర సంతకం నాదే. నా జాబితాలో అరవై మంది ఉన్నారు. అరవై వరసల్లోనూ అదే చేతిరాత, అదే సిరా, అదే మాట. ఒక్క మధ్యాహ్నంలో నింపాను. తనిఖీ సంఘం వస్తున్నదని చెప్పారు, నింపాను. ఆ పిల్ల ముఖం నేను అంతకు ముందు చూసినట్టు జ్ఞాపకం లేదు.

ఇది నా ఒక్కడి సిగ్గుమాలినతనమైతే చెప్పుకుని ప్రయోజనం లేదు. దేశంలో కళాశాలలకు గ్రేడులిచ్చే న్యాక్ సంస్థ 1994లో ఏర్పడింది. విద్యాపరమైన విషయాలకూ ఇతర సమస్యలకూ ఎందరు విద్యార్థులకు ఒక మెంటర్ ఉన్నాడో ఆ నిష్పత్తి చెప్పమని అది కళాశాలలను అడిగింది. నిష్పత్తి అంటే భాగహారం. విద్యార్థుల సంఖ్యను అధ్యాపకుల సంఖ్యతో భాగిస్తే వస్తుంది. ఆ భాగహారం ప్రతి కళాశాలా చేసి చూపిస్తుంది. ఆ నిష్పత్తిలో ఒక మనిషి ఇంకొక మనిషితో ఎప్పుడైనా మాట్లాడాడా అన్నది తేలదు. 2019లో విశ్వవిద్యాలయాల గ్రాంట్స్ సంఘం కొత్త విద్యార్థులను ఆహ్వానించి పరిచయం చేసే కార్యక్రమానికి 'దీక్షారంభ్' అని పేరు పెట్టి మార్గదర్శకాలు పంపింది. పేరు గంభీరంగా ఉన్నది. నేను చూసిన చోట్ల జరిగిందేమిటంటే, జ్యోతి వెలిగించారు, శాలువాలు కప్పారు, వక్తలు క్రమశిక్షణ గురించి చెప్పారు, పిల్లలు ఫోటోలు దిగారు. ఎవరూ మేజరుకూ మైనరుకూ తేడా చెప్పలేదు.

ఇక్కడ కొందరు పాత తరం మిత్రులు, "మా రోజుల్లో గురువులు అలా ఉండేవారా!" అని నిట్టూరుస్తారు. ఆ నిట్టూర్పులో సగమే నిజం. ఆ సగం ముందు చెబుతాను. 1977 నవంబరు 19న ఉప్పెన వచ్చినప్పుడు నేను కోడూరు దగ్గర మా ఊళ్ళో తొమ్మిదో తరగతి చదువుతున్నాను. దివిసీమలో వేలాదిమంది పోయారు. పుస్తకాలు, పలకలు, సర్టిఫికెట్లు, బడి రిజిస్టర్లు సముద్రం పాలయ్యాయి. బ్రతికినవాళ్ళం ఇక బడి సంగతి ఎత్తలేదు. అప్పుడు మా లెక్కల మాస్టారు బురదలో నడిచి, ఇంటింటికీ, ఇల్లు లేని చోట గుడారానికీ, వచ్చి "మీవాడు మళ్ళీ చేరతాడా?" అని అడిగారు. ఎవడు ఏ తరగతో ఆయనకు జ్ఞాపకమే. ఆ జ్ఞాపకమే మాకు రికార్డయింది. నేను చదువుకున్నానంటే అందుకే. ఎవరూ ఆయనను మెంటర్ అనలేదు.

రెండో సగం ఏమిటంటే, 1981లో డిగ్రీలో చేరడానికి నేనూ, మా పక్క మాలపల్లె నుంచి నా స్నేహితుడూ కలిసి ఒక పట్నం కళాశాలకు వెళ్ళాము. ఇద్దరం ఇంటర్లో ఎం.పి.సి. వాళ్ళమే. దరఖాస్తులు తీసుకునే పెద్దమనిషి నన్ను, "మీ నాన్న కౌలు రైతు కదా, సైన్సు ఖర్చు నీవల్ల కాదు, బి.ఏ.లో చేరు" అన్నాడు. నా స్నేహితుణ్ణి అసలు ఏమి చదవాలనుకుంటున్నావని అడగనే లేదు. "నీకు స్కాలర్‌షిప్పు వస్తుందిగా, ఏదైతేనేం" అని తానే హెచ్.ఇ.పి. అని రాసేశాడు. నేను చరిత్ర చదివి చరిత్ర చెప్పుకు బ్రతికాను, నాకు ఫిర్యాదు లేదు. లెక్కల్లో నాకంటె దిట్ట అయిన నా స్నేహితుడు రెండో ఏడాది మానేశాడు. ఆ పెద్దమనిషి కూడా సలహాదారే. పాత కాలపు సలహా చాలా చోట్ల కులం చెప్పిన సలహా. ఆడపిల్లకైతే ఇంకా తేలిక: "పెళ్ళయ్యేదాకా ఏదో ఒకటి." కాబట్టి పాత గుమ్మం దగ్గరికి తిరిగి పోదామని నేను అనడం లేదు. ఆ గుమ్మం దగ్గర కులం కూర్చున్నది, ఇప్పటి నెట్ సెంటరులో సంత కూర్చున్నది. రెండు చోట్లా లేనిది విద్యార్థి తరఫున మాట్లాడే విధి గల అధ్యాపకుడు.

చదువు ఎందుకు, ఏ చదువు ఎవరిని ఎక్కడికి చేరుస్తుంది అన్న ప్రశ్న బందరుకు కొత్త కాదు. 1910లో కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, భోగరాజు పట్టాభి సీతారామయ్య ప్రభృతులు ఆంధ్ర జాతీయ కళాశాలను స్థాపించినప్పుడు వారి వాదమంతా ఈ ప్రశ్న చుట్టూనే. గుమాస్తాలను తయారుచేసే చదువు చాలు, చేతిపనీ కళా శాస్త్రమూ కలిసిన చదువు కావాలన్నారు. వారి జాతీయవాదంలో మనకు ఒప్పుదల కాని భాగాలు ఉన్నాయి, అది వేరే చర్చ. కాని విద్యార్థి ముందు ఒక పట్టిక పడేసి ఎన్నుకో నాయనా అని వారు తప్పుకోలేదు. 2008లో కృష్ణా విశ్వవిద్యాలయం ఏర్పడినప్పుడు తొలి సంవత్సరాలు ఆ జాతీయ కళాశాల ఆవరణలోనే నడిచింది. ఆ గోడల మధ్య ఆ ప్రశ్న ఇంకా ఉండవలసింది. రుద్రవరం ఆవరణకు మారేటప్పుడు సామానుతో పాటు దాన్ని తీసుకువెళ్ళారో లేదో నాకు అనుమానమే.

ఇక మన సంస్కర్తలు మాటిమాటికీ చూపించే అమెరికా సంగతి. క్రెడిట్లు, మేజర్లు, మైనర్లు అక్కడి సరుకే. హార్వర్డుకు 1869 నుంచి 1909 వరకు అధ్యక్షుడుగా ఉన్న చార్లెస్ ఎలియట్, విద్యార్థి తన పాఠ్యాంశాలను తానే ఎన్నుకునే పద్ధతిని విస్తరింపజేశాడు. ఎంపిక పెరిగినకొద్దీ కుర్రాళ్ళు తేలికైనవి ఏరుకోవడం, ఒకదానికొకటి పొందిక లేనివి చదవడం బయటపడింది. 1880ల చివర హార్వర్డు మొదటి సంవత్సరం విద్యార్థుల కోసమే సలహాదారుల సంఘాన్ని పెట్టింది. అంతకు ముందే, 1870లలో, జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో అధ్యాపక సలహాదారు పద్ధతి మొదలయింది. పెట్టుబడిదారీ దేశం కూడా, ధనవంతుల బిడ్డల విషయంలో కూడా, ఎంపికకు తోడు ఒక మనిషి కావాలని పాతికేళ్ళలో గ్రహించిందన్నమాట. మనవాళ్ళు ఆ ఓడను బందరు రేవుకు తెచ్చి సరుకు దింపుకున్నారు. సరుకు వాడకం తెలిసిన మనిషిని మాత్రం ఓడలోనే వదిలేశారు. మనిషికి జీతం ఇవ్వాలి కదా!

మన దేశంలో తెలియక కాదు. 1964లో ఏర్పడి 1966లో నివేదిక ఇచ్చిన కొఠారీ కమిషన్, మార్గదర్శనం అనేది విద్యలో అంతర్భాగమే గాని పైన తగిలించే అలంకారం కాదన్న అర్థంలో స్పష్టంగా రాసింది. ఆ కమిషన్ నివేదికలోని తక్కిన మంచి మాటలకు పట్టిన గతే దీనికీ పట్టింది.

ఎందుకు పట్టిందో చూడాలంటే ఇప్పటి స్టాఫ్ రూములోకి వెళ్ళాలి. ఒక శాఖలో రెగ్యులర్ అధ్యాపకుడు ఒకరుంటే ఇద్దరు కాంట్రాక్టు, ఒకరు గెస్టు ఉంటారు. గెస్టు అధ్యాపకుడికి చెప్పిన గంటకే డబ్బు. పాఠం అయ్యాక వరండాలో ఒక పిల్ల ఆపి "సార్" అంటే, ఆ నిలబడ్డ ఇరవై నిమిషాలు అతను తన జేబు నుంచి ఇస్తున్నట్టు. పైగా అతను వచ్చే ఏడాది ఇక్కడ ఉంటాడో ఉండడో అతనికే తెలియదు, మూడేళ్ళ చదువు గురించి ఏమని సలహా చెబుతాడు? 2021లో రాష్ట్ర ప్రభుత్వం ఎయిడెడ్ కళాశాలల సిబ్బందిని వెనక్కి తీసుకునే విధానం తెచ్చింది. యాజమాన్యాలు ఒప్పుకున్న చోట్ల పాతికేళ్ళుగా ఒకే ఊళ్ళో పాఠం చెప్పిన వాళ్ళు బదిలీ మీద వెళ్ళిపోయారు. తండ్రినీ కొడుకునూ ఇద్దరినీ ఎరిగిన అధ్యాపకుడు అన్న వాడు ఆ విధంగా చెదిరిపోయాడు. దీని లెక్క ఏ బడ్జెట్టులోనూ కనపడదు.

భాష సంగతి కూడా ఇందులో భాగమే. పాఠం ఇంగ్లీషులో చెప్పడం గురించి మనం చాలా వాదించాము. కాని పాఠానికి ముందు నిబంధన ఉంటుంది. ఏ కోర్సుకు ఎన్ని క్రెడిట్లు, ఏది తప్పితే ఏమవుతుంది, ఎప్పటిలోగా మార్చుకోవచ్చు అన్న ఉత్తరువు ఇంగ్లీషులోనే వస్తుంది. ఆ ఇంగ్లీషు ప్రిన్సిపాలుకు కూడా రెండుసార్లు చదివితే గాని అర్థం కాదు. వేటకు వెళ్ళే తండ్రి సరే, ఇంటర్లో తొంభై శాతం తెచ్చుకున్న కూతురికి కూడా అది గోడ మీద సున్నం మాత్రమే.

ఆ సున్నం వెనక ఏముంటుందో ఒక ఉదాహరణ. ఏడాదికే బయటికి రావచ్చు అని మా మిత్రుడు సభలో గర్వంగా చెప్పిన మాట తీసుకోండి. గ్రాంట్స్ సంఘం 2022 డిసెంబరులో ప్రకటించిన చట్రం ప్రకారం, మొదటి సంవత్సరం 40 క్రెడిట్లు సంపాదించినంత మాత్రాన సర్టిఫికెట్టు రాదు. ఆ వేసవిలో 4 క్రెడిట్ల వృత్తి కోర్సు కూడా పూర్తి చేయాలి. మూడేళ్ళలోగా తిరిగి చేరవచ్చు, మొత్తం ఏడేళ్ళలో డిగ్రీ ముగించాలి. ఇది ఎంతమందికి తెలుసు? ఫాల్గుణంలో సంబంధం కుదిరి, వైశాఖంలో పెళ్ళయి వెళ్ళిపోయే అమ్మాయికి, ఆ వేసవి కోర్సు సంగతి ఎవరు చెప్పారు? చెప్పకపోతే ఆమె చేతికి సర్టిఫికెట్టు కూడా రాదు. గతంలో దీన్ని చదువు మానెయ్యడం అనేవాళ్ళం. ఆ మాటలో కనీసం ఒక బాధ ఉండేది, ఎందుకు మానేసిందని ఎవరైనా అడిగేవారు. ఇప్పుడు దాన్ని ఎగ్జిట్ అంటున్నారు. సినిమా హాల్లో తలుపు మీద ఎర్ర దీపం లాంటి మాట. ఆమె తనంతట తాను లేచి వెళ్ళిపోయినట్టు.

"పిల్లలు ఫోనులో చూసుకోరా? అన్నీ అందులోనే ఉన్నాయి" అని ఒక వాదం. ఉన్నాయి. వాటితో పాటు ప్రైవేటు కళాశాలల ప్రకటనలూ ఉన్నాయి. ఇంటర్ పరీక్షలు కాగానే ఏజెంట్లు ఊళ్ళ మీద పడి సర్టిఫికెట్లు పట్టుకుపోవడం నేను కళ్ళారా చూశాను. ఫోనుకు వచ్చే రహస్య సంఖ్య ఏజెంటు ఫోనుకే వెళుతుంది, ఎన్నుకునే వాడూ అతనే. ఇంకొక వాదం, కాస్త మర్యాదగలది: "పద్దెనిమిదేళ్ళ వాళ్ళను చంకనెత్తుకుంటే ఎప్పటికి నడుస్తారు?" దీనికి నా జవాబు ఒకటే. విజయవాడలో ఉండే అధికారి కొడుకును చూడండి. అతనికి సలహాదారు లేడా? ఉన్నాడు, రాత్రి భోజనం దగ్గర ఎదురుగా కూర్చుంటాడు. తండ్రికి తెలియకపోతే బాబాయికి తెలుస్తుంది, బాబాయికి తెలియకపోతే తండ్రి స్నేహితుడు ఫోను చేసి చెబుతాడు. ఆ కుర్రవాణ్ణి ఎవరూ చంకనెత్తుకున్నారనరు, తెలివైనవాడంటారు. పొలం లాగా, ఇల్లు లాగా, ఈ సమాచారం కూడా ఆస్తి, తండ్రి నుంచి కొడుక్కు సంక్రమిస్తున్నది. ఆ ఆస్తి లేని పిల్లకు కళాశాల ఇవ్వవలసినది అదే. ఇవ్వకుండా స్వేచ్ఛ ఇచ్చాము అంటే, ఈత రాని వాణ్ణి పులిగడ్డ దగ్గర కృష్ణలోకి దింపి, ఏ ఒడ్డుకు పోతావో నీ ఇష్టం అన్నట్టు.

ఇటలీ జైలులో గ్రాంషీ బడుల గురించి రాసుకున్న నోట్సులో ఒక హెచ్చరిక ఉన్నది. రకరకాల వృత్తి పాఠశాలలు పుట్టుకురావడం పైకి ప్రజాస్వామ్యం లాగా కనపడుతుంది గాని, ఒక్కొక్క వర్గానికి ఒక్కొక్క బడి ఏర్పడి వర్గభేదం గట్టిపడుతుందని ఆయన వాదం. మనకు బడి ఒకటే, అందులో దారులు అనేకం. దారి పేరు మారితే వాదం మారుతుందా? ఎవరి పిల్లలు ఏ దారిలో తేలుతున్నారో గుడివాడ, బందరు, అవనిగడ్డ కళాశాలల హాజరు పట్టికలు ముందు పెట్టుకుని ఇంటి పేర్లూ వృత్తులూ చూసినవారికి తెలుస్తుంది.

మనవాళ్ళ మీద కూడా ఒక మాట అనక తప్పదు. విద్యార్థి సంఘాల మిత్రులతో ఈ సంగతి మాట్లాడితే, "ఇది వ్యక్తిగత సమస్య, కౌన్సిలింగు వ్యవహారం. మన పోరాటం పోస్టుల కోసం, ఫీజుల కోసం" అంటారు. ఆ పోరాటాలను తక్కువ చేసేవాణ్ణి కాదు. 2020లో ప్రైవేటు కళాశాలల్లో పీజీకి ఫీజు చెల్లింపు ఆపేస్తూ ఉత్తరువు వచ్చినప్పుడు, దివిసీమ నుంచి పైకెక్కే నిచ్చెనకు ఎన్ని మెట్లు విరిగాయో ఆ మిత్రులు చెప్పినందువల్లే లోకానికి తెలిసింది. కాని ఒక మాట. పిల్ల తప్పు మేజరులో పడి, రెండో ఏడాది ఆసక్తి చచ్చి, మూడో ఏడాది బట్టల షాపులో చేరితే, ఆమె మన సభకూ రాదు, సమ్మెకూ రాదు. తన తెలివితక్కువ వల్లే ఇలా అయిందని అనుకుంటుంది. వ్యవస్థ చేసిన తప్పును వ్యక్తి తన నెత్తిన వేసుకోవడం కంటే పాలకవర్గానికి లాభమేమున్నది? దాన్ని వ్యక్తిగత సమస్య అని మనమూ అంటే, ఆ పనికి మనం కూడా చెయ్యి వేసినట్టు.

ఆ అమ్మాయి వచ్చి వెళ్ళిన తరువాత నేనూ, గుడివాడలో ఉండే ఇద్దరు రిటైరయిన మిత్రులూ కలిసి గత వేసవిలో ఒక బల్ల వేసుకుని కూర్చున్నాము. మొదట గుడివాడ బస్టాండు దగ్గర, తరువాత అవనిగడ్డలో. "డిగ్రీ ప్రవేశాల సందేహాలు, ఉచితం" అని అట్టముక్క మీద రాశాము. మొదటి రోజు ముగ్గురు వచ్చారు, అందులో ఒకాయన పింఛను సంగతి అడిగాడు. నాలుగో రోజుకు వరస కట్టారు. ఆ ప్రశ్నలు వింటే మా ముగ్గురి ఉద్యోగ జీవితం కళ్ళముందు తిరిగింది. "నాలుగో ఏడాది చదవకపోతే డిగ్రీ ఇవ్వరా?" "మూడేళ్ళది చదివితే పీజీ రెండేళ్ళు, నాలుగేళ్ళది చదివితే ఏడాదే అంటున్నారు, నిజమాండీ?" "గ్రూప్స్ రాయాలంటే ఏ మేజరు ఉండాలి?" ఏదైనా డిగ్రీ చాలునని చెబితే ఒక కుర్రవాడు నమ్మలేదు. ఫలానా కోర్సు తీసుకుంటేనే అర్హత అని ఎవరో అతనికి చెప్పి అడ్వాన్సు కూడా పుచ్చుకున్నారు. మోపిదేవి నుంచి ఒక తల్లి కూతుర్ని వెంటబెట్టుకు వచ్చింది. "మా పిల్లకు ఏది మంచిదో మీరే పెట్టేయండి బాబూ" అన్నది. మేము పెట్టలేదు. ఆ పిల్లను ఏమి చదివితే ఇష్టంగా ఉంటుందని అడిగాము. చాలాసేపు తల్లి ముఖం చూసి, తరువాత మెల్లగా, "చరిత్ర" అన్నది. చరిత్ర మేజరు జిల్లాలో ఎక్కడ ఉన్నదో వెతకడానికి మాకే గంటన్నర పట్టింది. ఆ అనుభవంతో చెబుతున్నాను, పిల్లలకు ఇష్టాలు లేక కాదు, అడిగినవాళ్ళు లేక.

అయితే ముగ్గురు పింఛనుదార్లు బస్టాండులో బల్ల వేయడం పరిష్కారమని నేను అనుకోవడం లేదు. అది మా సిగ్గుకు మేము వేసుకున్న చిన్న శిక్ష. ప్రభుత్వం మాకు ధన్యవాదాలు చెప్పి, ఇదే బాగుందని పోస్టులు నింపడం మానేస్తే అంతకంటే ప్రమాదం లేదు. సలహా చెప్పే గంటను పాఠం చెప్పే గంటతో సమంగా పని లెక్కలో కట్టాలి, గెస్టు అధ్యాపకుడికి కూడా దానికి డబ్బివ్వాలి. ఒక్కొక్కరికి అరవై మందిని అంటగట్టే భాగహారం చాలించి, ఖాళీలు నింపాలి. ప్రవేశాల నిబంధనలన్నీ, ఏ మేజరు ఏ పీజీకి, ఏ ఉద్యోగ పరీక్షకు దారి తీస్తుందో ఏది మూసేస్తుందో, తెలుగులో, పదో తరగతి చదివిన తల్లికి అర్థమయ్యే తెలుగులో, ప్రతి జూనియర్ కళాశాల గోడ మీదా ఇంటర్ రెండో సంవత్సరం మొదట్లోనే అంటించాలి. మొదటి ఏడాది ముగిసేలోగా పైసా కట్టకుండా మేజరు మార్చుకునే హక్కు ఉండాలి. మైనరు అధ్యాపకుడి ఖాళీని బట్టి గాక విద్యార్థి కోరికను బట్టి ఇవ్వాలి. ఇందులో ఏదీ విప్లవం కాదు. ఇవ్వకపోవడానికి చెప్పే కారణం మాత్రం ప్రతిసారీ డబ్బే అవుతుంది. అప్పుడు మళ్ళీ పోస్టుల పోరాటం దగ్గరికే వస్తాము, విద్యార్థి సంఘాల మిత్రులు గమనించగలరు.

సభలో నేను లేవకపోవడానికి కారణం ఆ రిజిస్టరు. లేచి మాట్లాడితే ఎవరైనా, "మీ జాబితాలో ఎంతమందిని పలకరించారు మాస్టారూ?" అని అడుగుతారని భయపడ్డాను. ఇప్పుడు ఎవరూ అడగకుండానే చెప్పాను.

ఈ జూన్‌లో కూడా అవనిగడ్డలో బల్ల వేస్తున్నాము. కళాశాలల్లో ఇంకా పనిచేస్తున్న మిత్రులు తమ కళాశాలలో ఏ మేజర్లు ఉన్నాయి, ఏ మైనరుకు నిజంగా అధ్యాపకుడున్నాడు, దేనికి కాగితం మీద మాత్రమే ఉన్నాడు అన్న వివరం తెలుగులో రాసి ముందుగా పంపితే మాకు ఆ గంటన్నర వెతుకులాట తప్పుతుంది. విద్యార్థి మిత్రులైతే స్వయంగానే రావచ్చు, ఇంకో రెండు కుర్చీలు వేయగలము.